ట్యాక్స్ పెంచలేదు, టికెట్లు పెంచారు: ఫెర్గూసన్ ఊరి లెక్క

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఊరి బడ్జెట్ గురించి. బడ్జెట్ అనగానే వెళ్లిపోకండి. ఈ బడ్జెట్‌లో పోలీసులున్నారు, కోర్టు ఉంది, జైలు కూడా ఉంది. ముందు ఒక చిన్న లెక్క చెప్తా. అది బుర్రకెక్కితే మిగతాదంతా ఈజీ.

2007. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ సిటీ పక్కన ఫెర్గూసన్ అనే చిన్న ఊరు. ఒకావిడ కారు తప్పు చోట పార్క్ చేసింది. ఒక్కసారే. పోలీసులు రెండు టికెట్లు రాశారు. టికెట్ అంటే మన చలానా అనుకోండి. ఫైన్ 151 డాలర్లు, దాని మీద ఫీజులు. ఆవిడ దగ్గర డబ్బుల్లేవు. మధ్యలో కొన్నాళ్లు ఉండటానికి ఇల్లు కూడా లేదు. కోర్టు వాయిదాలు మిస్సయ్యాయి, కట్టాల్సిన డేట్లు దాటిపోయాయి. అలా మిస్సయిన ప్రతిసారీ అదొక కొత్త నేరం. 2007 నుంచి 2010 లోపు అలాంటివి 7 పడ్డాయి. ఒక్కోదానికి ఒక అరెస్ట్ వారంట్, మళ్లీ కొత్త ఫైన్, కొత్త ఫీజు. గోరుచుట్టు మీద రోకలి పోటు అంటాం కదా, అలాగ.

ఆవిడ రెండుసార్లు అరెస్టయింది. 6 రోజులు జైల్లో ఉంది. ఉన్నంతలో కడదామని ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపిస్తే, మొత్తం ఒకేసారి కట్టాలని చెప్పి కోర్టు వెనక్కి పంపింది. 2014 డిసెంబర్ నాటికి లెక్క చూడండి. మొదటి ఫైన్ 151. అప్పటికే కట్టింది 550. ఇంకా బాకీ 541.

ఇది వాట్సాప్ ఫార్వర్డ్ కాదు. అమెరికా కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ, అంటే జస్టిస్ డిపార్ట్‌మెంట్, 2015 మార్చి 4న బయటపెట్టిన రిపోర్టులో ఉంది. ఒక పార్కింగ్ తప్పు మీద ఒక ఊరు ఏడేళ్ల పాటు ఎందుకు పడింది? ఈ ప్రశ్నకి జవాబు ఆ ఊరి బడ్జెట్‌లో దొరుకుతుంది.

న్యాయశాఖ ఆ ఊరికి ఎందుకెళ్లింది?

ఫెర్గూసన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2014 ఆగస్ట్ 9న మైఖేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడిని ఒక పోలీస్ ఆఫీసర్ కాల్చి చంపాడు. తర్వాత వారాల తరబడి నిరసనలు, టియర్ గ్యాస్, ప్రపంచమంతా టీవీల్లో చూసింది. న్యాయశాఖ రెండు విచారణలు చేసి, రెండు రిపోర్టులూ ఒకే రోజు ఇచ్చింది. ఒకటి ఆ కాల్పుల మీద. అందులో ఆ ఆఫీసర్ మీద కేంద్రం కేసు పెట్టడం లేదని చెప్పారు. రెండోది మొత్తం పోలీసు శాఖ, మున్సిపల్ కోర్టు పనితీరు మీద. మనం మాట్లాడుకునేది ఈ రెండో దాని గురించి.

ఇక్కడ ఒక విషయం క్లియర్ చేసుకుందాం, లేకపోతే మన తెలుగు వాళ్లకి కొంచెం కన్ఫ్యూజన్ వస్తుంది. మన దగ్గర పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. జీహెచ్ఎంసీకి గానీ, విజయవాడ కార్పొరేషన్‌కి గానీ సొంత పోలీసులు ఉండరు. అమెరికాలో అలా కాదు. 20 వేల జనాభా ఉన్న ఊరికి కూడా సొంత పోలీసు శాఖ, సొంత కోర్టు ఉండొచ్చు. ఆ పోలీసుల జీతాలు ఆ ఊరి బడ్జెట్ నుంచే, ఆ కోర్టులో వసూలైన ఫైన్లు ఆ ఊరి ఖజానాలోకే. ఈ వైరింగ్ గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

నెంబర్లు చూద్దాం

ఫెర్గూసన్ జనాభా దాదాపు 21 వేలు. 2010 ఆర్థిక సంవత్సరంలో ఊరి జనరల్ ఫండ్ ఆదాయం 1 కోటి 10 లక్షల 70 వేల డాలర్లు. అందులో కోర్టు ఫైన్లు, ఫీజుల నుంచి వచ్చింది 13 లక్షల 80 వేలు. అంటే సుమారు 8వ వంతు.

2012కి టార్గెట్ పెంచి 19 లక్షల 20 వేలు అనుకున్నారు. వచ్చింది 21 లక్షల 10 వేలు. 2013కి ఆ 21 లక్షల 10 వేలనే టార్గెట్‌గా పెట్టుకుంటే 24 లక్షల 60 వేలు వచ్చింది. ఇక 2015 బడ్జెట్‌లో వాళ్లు రాసుకున్న అంచనా 30 లక్షల 90 వేల డాలర్లు. మొత్తం అంచనా ఆదాయం 1 కోటి 32 లక్షల 60 వేలు. ఐదేళ్లలో 8వ వంతు కాస్తా దాదాపు 4వ వంతుకి చేరింది.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. ఫైన్ ఎందుకు వేస్తాం? జనం ఆ తప్పు మళ్లీ చేయకూడదని. అది సరిగ్గా పనిచేస్తే ఏమవ్వాలి? ఏటేటా తప్పులు తగ్గాలి, ఫైన్ల ఆదాయం కూడా తగ్గాలి. మరి బడ్జెట్‌లో ‘వచ్చే ఏడాది ఫైన్ల మీద ఇంత ఎక్కువ రావాలి’ అని రాసుకున్నారంటే అర్థం ఏంటి? వచ్చే ఏడాది జనం ఇంకా ఎక్కువ తప్పులు చేయాలి, లేదా చేసినట్టు పట్టుకోవాలి. రోడ్డు మీద అందరూ బుద్ధిగా ఉంటే ఆ ఊరి బడ్జెట్ ఫెయిల్ అయిపోతుంది.

దీనికి సాక్ష్యంగా ఈమెయిల్స్ కూడా దొరికాయి. 2010 మార్చిలో ఊరి ఫైనాన్స్ డైరెక్టర్ పోలీస్ చీఫ్‌కి రాసిన మెయిల్ సారాంశం ఇది: ఏడాది ముగిసేలోపు టికెట్లు రాయడం బాగా పెరగకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెంచడం కష్టం, పైగా సేల్స్ ట్యాక్స్ బాగా పడిపోయేలా ఉంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2013లో అదే ఆఫీసర్ సిటీ మేనేజర్‌కి ఇంకో మెయిల్ పెట్టారు. 10 శాతం పెంచగలరా అని చీఫ్‌ని అడిగాను, ట్రై చేస్తామన్నారు అని. కంపెనీలో సేల్స్ టీమ్‌ని క్వార్టర్ టార్గెట్ అడిగినట్టే ఉంది కదా?

ట్యాక్స్ ఎందుకు పెంచలేదు?

ఇది ఇంపార్టెంట్ ప్రశ్న. వాళ్లని దుర్మార్గులు అనేసి వదిలేస్తే మనకి ఏమీ అర్థం కాదు.

మిస్సోరీలో 1980లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగానికి ఒక సవరణ తెచ్చుకున్నారు. హాంకాక్ సవరణ అంటారు. దాని ప్రకారం స్థానిక ప్రభుత్వాలు ట్యాక్స్ పెంచాలంటే ముందు ఓటర్లని అడగాలి, ఓటింగ్‌లో గెలవాలి. ‘మీ ఇంటి పన్ను పెంచుతున్నాం, ఓటేయండి’ అంటే ఎంతమంది వేస్తారు? దానికి తోడు 2008 ఆర్థిక మాంద్యం తర్వాత సేల్స్ ట్యాక్స్ పడిపోయింది. ఇంకోటి, ఒక్క సెయింట్ లూయిస్ కౌంటీలోనే అప్పట్లో 90 మున్సిపాలిటీలు ఉన్నాయి. కొన్నిటి జనాభా మన గేటెడ్ కమ్యూనిటీ కన్నా తక్కువ. ప్రతిదానికీ ఒక మేయరు, చాలావాటికి సొంత పోలీసులు, కోర్టు. ఖర్చులు పెద్ద ఊరివి, ఆదాయం చిన్న ఊరిది.

ఫైన్‌కి ఓటింగ్ అక్కర్లేదు. పైగా కట్టేవాడు చాలాసార్లు పక్క ఊరివాడు, అలా రోడ్డు మీద వెళ్తూ దొరికినవాడు. వాడికి ఇక్కడ ఓటే లేదు. ట్యాక్స్ పెంచితే పదివేల మందికి ఒకేసారి కోపం వస్తుంది, అందరూ కలిసి అడుగుతారు. టికెట్ రాస్తే ఒక్కడికే కోపం వస్తుంది, వాడు కూడా ‘నా తప్పే’ అనుకుని సైలెంట్‌గా ఉంటాడు. రాజకీయంగా దీనికంటే సుఖమైన ఆదాయం ఇంకేముంటుంది చెప్పండి?

ఇది ఒక్క మిస్సోరీ అలవాటు కూడా కాదు. నార్త్ కరోలినా కౌంటీల డేటా మీద ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో ఒక పేపర్ ప్రచురించారు. ప్రభుత్వ ఆదాయం తగ్గిన మరుసటి ఏడాది ట్రాఫిక్ టికెట్లు పెరుగుతున్నాయి. ఆదాయం పెరిగినప్పుడు మాత్రం టికెట్లు తగ్గట్లేదు. ఎక్కడమే గానీ దిగడం లేదన్నమాట.

టార్గెట్ కిందికి దిగితే ఏమవుతుంది?

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మా టీమ్‌లో కొన్నాళ్లు ఒక పద్ధతి నడిచింది. ఎవరు ఎక్కువ బగ్‌లు క్లోజ్ చేస్తే వాళ్లకి మంచి రేటింగ్. రెండు వారాల్లో ఏమైందో ఊహించుకోండి. ఒకే సమస్యని ఐదు బగ్‌లుగా విడగొట్టి రాసి, ఐదూ క్లోజ్ చేసేవాళ్లు. డ్యాష్‌బోర్డ్ పచ్చగా కళకళలాడేది, ప్రొడక్ట్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మనిషిని ఏ నెంబర్‌తో కొలిస్తే ఆ నెంబర్ పెంచుతాడు. పోలీసులూ మనుషులే కదా.

ఫెర్గూసన్‌లో ఆఫీసర్ల పనితీరు, ప్రమోషన్లు ఎక్కువగా ఎన్ని టికెట్లు రాశారన్న దాని మీద ఆధారపడేవని రిపోర్ట్ చెప్తుంది. ఒక మనిషిని ఒకసారి ఆపితే మూడు నాలుగు టికెట్లు రాయడం మామూలు. ఒక సందర్భంలో ఒకేసారి 14 రాశారు. ఒక్క స్టాప్‌లో ఎవరు ఎక్కువ రాస్తారా అని కొందరు ఆఫీసర్లు పోటీలు పడేవాళ్లట.

2012 ఎండాకాలం. 32 ఏళ్ల నల్లజాతి వ్యక్తి పార్కులో బాస్కెట్‌బాల్ ఆడి, చెమట ఆరేదాకా తన కారులో కూర్చున్నాడు. ఒక పోలీసాయన కారు వెనక బండి అడ్డం పెట్టి, ఎలాంటి ఆధారం లేకుండా పిల్లల మీద అఘాయిత్యం చేసేవాడివి అన్నట్టు మాట్లాడాడు. కారు వెతుకుతానన్నాడు. ఇతను కుదరదన్నాడు, అది అతని హక్కు. దాంతో అరెస్ట్, 8 కేసులు. అందులో ఒకటి తప్పుడు సమాచారం ఇచ్చాడని. ఏంటా తప్పుడు సమాచారం అంటే, ‘మైఖేల్’ అని పూర్తి పేరు చెప్పకుండా ‘మైక్’ అన్నాడట. ఇంకోటి సీట్ బెల్ట్ పెట్టుకోలేదని. కారు ఆగి ఉంది! ఈ కేసుల వల్ల అతను ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగం పోయింది.

ఫైన్లు కూడా చూడండి. రోడ్డు మీద సరిగ్గా నడవలేదన్నందుకు 302 డాలర్లు వేసిన కేసు ఉంది. ఇంటి ముందు గడ్డి ఎక్కువ పెరిగిందని 531 డాలర్లు. దగ్గర్లోనే ఉన్న పేజ్‌డేల్ అనే ఇంకో ఊరైతే కిటికీ కర్టెన్లు సరిగ్గా లేవని, పెయింట్ పెచ్చులూడిందని కూడా ఇళ్లవాళ్లకి టికెట్లు రాసింది. అక్కడి జనం కోర్టుకెళ్లారు, 2018లో ఆ కేసు సెటిల్ అయ్యింది.

మరి ఈ భారం ఎవరి మీద పడింది? ఫెర్గూసన్ జనాభాలో నల్లజాతి వాళ్లు 67 శాతం. 2012 నుంచి 2014 మధ్య పోలీసులు ఆపిన వాహనాల్లో 85 శాతం వాళ్లవే, టికెట్లలో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం. ‘వాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారేమో’ అని ఎవరైనా అనొచ్చు. దానికి కూడా డేటాలో జవాబుంది. బండి ఆపాక తెల్లవాళ్ల కన్నా వీళ్లని వెతకడం రెండు రెట్లకు పైగా ఎక్కువ. కానీ వెతికితే నిషేధిత వస్తువులు దొరకడం తెల్లవాళ్ల కన్నా 26 శాతం తక్కువ. అంటే వెతకడానికి కారణం అనుమానం కాదు, రంగు.

కోర్టు ఏం చేస్తోంది?

పోలీసు తప్పు చేస్తే కోర్టు ఆపాలి కదా. ఇక్కడ కోర్టు సిబ్బంది పోలీస్ చీఫ్ కింద పనిచేసేవాళ్లు. జడ్జిని నియమించేది సిటీ కౌన్సిల్. వసూళ్లు పెంచినందుకు ఆ జడ్జిని ఊరి అధికారులు మెచ్చుకున్నారు కూడా. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది? 2013 ఒక్క ఏడాదిలో ఆ కోర్టు 9 వేలకు పైగా వారంట్లు ఇచ్చింది. 2014 డిసెంబర్ నాటికి 16 వేల మందికి పైగా మీద వారంట్లు పెండింగ్‌లో ఉన్నాయి. ఊరి జనాభా 21 వేలని మర్చిపోకండి. బయటి ఊళ్లవాళ్లు కూడా ఇందులో ఉన్నారనుకోండి, అయినా చూడండి ఎంత ఉందో.

ఇంకో విడ్డూరం. కట్టలేనివాళ్ల గురించి అడిగితే కొందరు అధికారులు ‘వాళ్లకి బాధ్యత లేదు’ అన్నారు. అదే రిపోర్టులో, అధికారులు, కోర్టు వాళ్లు తమకీ తమ వాళ్లకీ వచ్చిన టికెట్లని చెప్పి కొట్టేయించుకున్న మెయిల్స్ ఉన్నాయి.

చట్టం లేక కాదు. ఒహాయోలో మన్రోవిల్ అనే ఊళ్లో మేయరే జడ్జిగా కూర్చుని ఫైన్లు వేస్తే, ఊరి ఆదాయంలో పెద్ద భాగం ఆ ఫైన్లదే అయినప్పుడు ఆయన నిష్పక్షంగా ఎలా ఉంటాడని సుప్రీంకోర్టు 1972లోనే అడిగి కొట్టేసింది. 1983లో బేర్డెన్ కేసులో, కట్టే స్తోమత ఉందో లేదో విచారించకుండా ఫైన్ కట్టలేదని జైలుకి పంపకూడదని చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంది. కానీ 151 డాలర్ల ఫైన్ కట్టలేని మనిషి లాయర్‌ని పెట్టుకుని సుప్రీంకోర్టు తీర్పు ఎలా చూపిస్తుంది?

తర్వాత ఏమైంది?

రిపోర్ట్ వచ్చిన కొద్ది రోజుల్లోనే జడ్జి, సిటీ మేనేజర్, పోలీస్ చీఫ్ ముగ్గురూ రాజీనామా చేశారు. 2016లో న్యాయశాఖతో కోర్టు పర్యవేక్షణలో నడిచే ఒప్పందం కుదిరింది. మిస్సోరీలో 1995 నుంచే ఒక చట్టం ఉంది, స్పీడ్ టికెట్ల మీద బతికిన మాక్స్ క్రీక్ అనే ఊరి పేరు మీద. ట్రాఫిక్ ఫైన్ల ఆదాయం ఒక శాతం దాటితే మిగతాది ఊరికి దక్కదు. 2015లో ఆ పరిమితిని 20 శాతానికి తగ్గించారు. సెయింట్ లూయిస్ కౌంటీకి మాత్రం 12.5 శాతం అన్నారు. ఒక్క కౌంటీకి వేరే రూల్ ఏంటని కొన్ని ఊళ్లు కోర్టుకెళ్తే, 2017లో మిస్సోరీ సుప్రీంకోర్టు ఆ తేడా తీసేసింది.

అయితే మిగతా చోట్ల ఆగిందా? అలబామాలో బ్రూక్‌సైడ్ అనే ఊరు, జనాభా 1,253. 2018 నుంచి 2020 మధ్య అక్కడ ఫైన్లు, జప్తుల ఆదాయం 640 శాతం పెరిగి, ఊరి మొత్తం ఆదాయంలో 49 శాతానికి చేరింది. 2022 జనవరిలో ఒక స్థానిక న్యూస్ సంస్థ దీన్ని బయటపెట్టాక పోలీస్ చీఫ్ రాజీనామా చేశాడు.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, ఇది ఫైన్ పడని వాళ్లకి కూడా తగిలేది. అమెరికా ఊళ్ల డేటా మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఫైన్లు, ఫీజుల మీద ఎక్కువ ఆధారపడే చోట్ల హత్యలు, దాడులు లాంటి హింసాత్మక కేసులు తేలే రేటు తక్కువగా ఉందని తేలింది. సింపుల్ లాజిక్. పోలీసుల టైమ్ అంతా టికెట్లకి పోతే దర్యాప్తుకి ఏం మిగులుతుంది?

‘తప్పు చేసినోడు కట్టాలి కదా?’

కామెంట్లలో ఈ మాట వస్తుందని తెలుసు, అందుకే ఇప్పుడే మాట్లాడుకుందాం. కట్టాలి, ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి. తాగి బండి నడిపేవాడిని, రాంగ్ రూట్‌లో దూసుకొచ్చేవాడిని ఆపాల్సిందే. ఫైన్లే వద్దని నేను అనట్లేదు. కానీ 150 డాలర్లు ఒకరికి డిన్నర్ బిల్లు, ఇంకొకరికి నెల ఇంటి అద్దెలో పెద్ద ముక్క. ఒకే తప్పుకి ఇద్దరికీ పడే శిక్ష ఒకటి కాదు. ఫిన్లాండ్‌లో స్పీడింగ్ ఎక్కువైతే ఫైన్ ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2002లో నోకియా కంపెనీ పెద్ద అధికారి ఒకాయనకి బైక్ మీద స్పీడ్‌గా వెళ్లినందుకు లక్షా 16 వేల యూరోలు పడింది. తర్వాత తగ్గించారు, కానీ పాయింట్ అందరికీ చేరింది.

మరి మన దగ్గర? ముందే చెప్పినట్టు వైరింగ్ వేరు. అందుకని ఫెర్గూసన్ కథని తెచ్చి ఇక్కడ అతికించడం కరెక్ట్ కాదు. మన సమస్య ఇంకో రకం. తెలంగాణలో పెండింగ్ చలాన్లు గుట్టలుగా పేరుకుపోతే, బైకులకి 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం డిస్కౌంట్ ఇచ్చారు. కట్టనివాళ్లకి ఊరట దొరికింది, మంచిదే. కానీ పడిన రోజే మొత్తం కట్టినవాడు ఏమనుకుంటాడు? ‘ఈసారి నేనూ ఆఫర్ వచ్చేదాకా ఆగుతా’ అనుకుంటాడు. అక్కడ ఫైన్ మనిషిని వదలదు, ఇక్కడ ఫైన్‌ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: చలాన్ల వల్ల వసూలైంది ఎంత అని చెప్పినంత గట్టిగా, తగ్గిన ప్రమాదాలు ఎన్ని అని చెప్తున్నారా?

అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్‌కి ఒక్క మాట. టికెట్ పడితే దాని మీద ఉన్న డేట్ మిస్ అవ్వకండి. డబ్బులు లేకపోయినా కోర్టుకి వెళ్లండి, కిస్తీల్లో కడతానని అడగండి, కాగితం మీద రాయించుకోండి. ఫెర్గూసన్‌లో ఆవిడని ముంచింది 151 డాలర్లు కాదు, మిస్సయిన ఆ వాయిదాలు.

ఫైన్ల మీద వచ్చే డబ్బు దాన్ని వేసేవాళ్ల చేతికే వెళ్తే, తప్పులు తగ్గాలని కోరుకునేవాళ్లు ఆ ఆఫీసులో ఒక్కరూ మిగలరు. అందుకే ఎక్కడైనా కొత్త ఫైన్ వచ్చిందని వింటే, ఎంత అని అడిగే ముందు, అది ఎవరి ఖాతాలో పడుతుందని అడగండి. మీ ఊళ్లో చలాన్ల డబ్బు ఎటు పోతుందో తెలిస్తే కామెంట్‌లో రాయండి, చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.